కాగితములో నిలిచిన యుద్ధవిమానము

పోలెండు దేశమునందలి క్రాకో నగరమున ఒక వైమానిక ప్రదర్శనశాల కలదు. ఒకప్పుడు విమానాశ్రయముగా నుండిన స్థలముననే అది వెలసినది. అందు ఖాకీరంగు పూసిన ఒక చిన్న విమానము నిలిచియున్నది. ఎగురుచున్న సముద్రపక్షి రెక్కలవలె దాని రెక్కలు మొదట పైకి లేచి, పిదప అడ్డముగా సాగిపోవును. దాని పేరు పి.జెడ్.ఎల్. పి.11సి. 1939 సెప్టెంబరు నెలలో జర్మను వైమానిక దళమును ఆకాశమున ఎదిరించిన పోలిష్ విమానము అదియే. ఆ తరగతి విమానములు సుమారు 175 నిర్మింపబడినవి. నేడు లోకములో మిగిలినది ఆ యొక్కటియే.

అయినను వేలకొలది యిండ్లలో, బల్లలమీదను అలమారులలోను, ఆ విమానమే మఱల మఱల రూపెత్తుచున్నది. ఆ విమానములు లోహముతో చేసినవి కావు, కాగితముతో చేసినవి. పిల్లలును, పెద్దలును, కత్తెర, జిగురు, ఓర్పు అను మూడు సాధనములతో దానిని నిర్మించుచున్నారు. నశించినదానిని కాగితముతో నిలుపుకొను ఈ అలవాటు ఎట్లు పుట్టినది? దానివలన ఒక జాతికి ఒనగూడిన ప్రయోజన మేమి? ఈ ప్రసంగమున మనము విచారింపబోవునది ఈ విషయమే.

కాగితమును మడచి ఘనరూపములు కల్పించుట క్రొత్త విద్య కాదు. జర్మను చిత్రకారుడు ఆల్బ్రెక్టు డ్యూరరు 1525లో కొలతలను గూర్చి ఒక గ్రంథము ప్రకటించెను. ఘనాకృతిని దాని అంచుల వెంబడి విప్పి, చదునైన కాగితముమీద పఱచినచో ఎట్లుండునో ఆయన అందు బొమ్మలు గీచి చూపెను. ఆ బొమ్మను కత్తిరించి మడచినచో మరల ఘనాకృతి యేర్పడును. మిఠాయి దుకాణమువాడు చదునైన అట్టను మడచి పెట్టె చేయుట మనమందఱము చూచినదే. డ్యూరరు చూపిన సూత్రము అదియే. పందొమ్మిదవ శతాబ్దమున ఫ్రాన్సులోని ఎపినాలు పట్టణపు ముద్రణాలయములు కోటలు, ఇండ్లు, ఓడలు, బండ్లు మొదలగువాని భాగములను రంగులలో అచ్చువేసి చౌకగా అమ్మెడివి. కొయ్యబొమ్మ కొనలేని ఇంటిలో సయితము కాగితపు కోట వెలసెను.

విమానములు పుట్టిన పిదప కాగితపు శిల్పమునకు క్రొత్త విషయము లభించినది. రెండవ ప్రపంచయుద్ధము వచ్చిన పిదప దాని అవసరమును పెరిగినది. ఇనుము, సీసము, తగరము, రబ్బరు మొదలగునవి యుద్ధపరిశ్రమలకే చాలకపోయెను. బ్రిటనులో లోహపు ఆటబొమ్మల తయారీ ఆగిపోయెను. ఆటబొమ్మల కర్మాగారములు యుద్ధసామగ్రి చేయసాగెను. నమూనా విమానములకు వాడెడి బాల్సా యను తేలికకొయ్య దక్షిణ అమెరికాలోని ఈక్వడారునుండి వచ్చెడిది. ప్రాణరక్షణ తెప్పలకును, మస్కిటో యను కొయ్యవిమానమునకును అది కావలసివచ్చుటచే పిల్లలకు అందలేదు. ఇట్లు అన్నియు పోగా మిగిలినది కాగితము. అదియును కొఱతగానే యుండెను. ఆ దినములలోనే బ్రిటనులో మైక్రోమోడల్సు అను పేర పోస్టుకార్డంత పరిమాణముగల కాగితపు నమూనాలు వెలువడినవి. ఒక కవరులో పట్టునన్ని కార్డులతో ఓడను గాని, రైలింజనును గాని, దేవాలయమును గాని నిర్మించుకొనవచ్చును.

అమెరికాలో నమూనా విమానములకు వేఱొక ప్రయోజనము కూడ ఏర్పడెను. ఆకాశమున కనబడు విమానము తనదో, శత్రువుదో గుర్తింపలేక సైనికులు పొరబడుచుండిరి. ఈ పొరబాటు ప్రాణములు తీయును. అందుచే 1942లో అమెరికా నౌకాదళము పాఠశాలల విద్యార్థులను 5 లక్షల నమూనా విమానములు చేసియిండని కోరెను. అవి కొయ్యతో చేసి నల్లరంగు పూసిన బొమ్మలు. అసలు విమానములో 72వ వంతు పరిమాణమున వాటిని చేసిరి. ఇట్టి బొమ్మను 35 అడుగుల దూరమున నిలిపి చూచినచో, సుమారు అరమైలు దూరమున ఎగురు అసలు విమానము ఎంత కనబడునో అంతయే కనబడును. బడిపిల్లవాడు చేసిన బొమ్మ సైనికుని కంటికి పాఠ్యపుస్తకమైనది.

రేడియో శ్రోతలకు మఱియొక విశేషము చెప్పవలెను. ఆ దినములలో అమెరికాలో ‘జాక్ ఆర్మ్‌స్ట్రాంగ్’ అను బాలుర ధారావాహిక నాటకము ప్రసారమగుచుండెడిది. అది 1933లో మొదలై 1951 వఱకు సాగినది. 1944లో ఆ కార్యక్రమమును పోషించిన గోధుమ అటుకుల సంస్థ, తన అట్టపెట్టెల పైమూతలును, 5 సెంట్ల నాణెమును పంపిన బాలురకు కాగితపు యుద్ధవిమానముల భాగములను అందజేసెను. వాటిని రూపొందించినవాడు వాలిస్ రిగ్‌బీ అను శిల్పి. ఇందు మిత్రుల విమానములే కాక శత్రువుల విమానములును ఉండెను. రేడియోలో విన్న విమానము మఱునాడు బల్లమీద వాలుచుండెను. శబ్దమునకు రూపము తోడైన ఘట్టమిది.

ఇక పోలెండు కథకు వత్తము. పి.11 విమానమునకు మూలపురుషుడు జిగ్మంట్ పువావ్‌స్కి అను ఇంజనీరు. 1901లో లుబ్లిన్ పట్టణమున జన్మించి, వార్సా పాలిటెక్నిక్ విద్యాలయమున చదివెను. అతడు స్వయముగా విమానచోదకుడు కూడ. ఆనాటి యుద్ధవిమానములలో పెక్కింటికి రెండంతస్తుల రెక్కలుండెడివి. పైరెక్క చోదకుని కంటికి అడ్డు వచ్చెడిది. పువావ్‌స్కి ఒంటిరెక్కల విమానమును తలపెట్టెను. రెక్కను విమానపు మేనికి పైభాగమున అమర్చి, మేనిని చేరుచోట క్రిందికి వంచి పలుచన చేసెను. దీనివలన చోదకునికి ముందునకును ప్రక్కలకును చూపు తెరపి యయ్యెను. ఈ అమరికకు ‘పువావ్‌స్కి రెక్క’ యనియు, ‘పోలిష్ రెక్క’ యనియు పేర్లు వచ్చినవి.

ఈ రెక్కగల తొలి విమానమైన పి.1, 1929లో ఎగిరెను. తరువాతి పి.7 విమానములతో పోలెండు తన యుద్ధవిమాన దళములన్నిటిని నింపుకొనెను. పూర్తిగా లోహముతో చేసిన ఒంటిరెక్కల యుద్ధవిమానములతో దళములన్నిటిని నింపుకొన్న మొదటి దేశములలో అది యొకటి. కాని పువావ్‌స్కి ఆ భాగ్యమును చూడలేదు. 1931 మార్చి 21న, తాను రూపొందించిన జలవిమానమును తానే నడుపుచు, వార్సాలో కూలి మరణించెను. అప్పటి కాతని వయస్సు 29 సంవత్సరములు. అదే యేడు ఆగస్టులో పి.11 తొలిసారి గాలిలో తేలెను. మిగిలిన పని ఆతని సహచరులు పూర్తిచేసిరి.

1930ల మధ్యకాలమున పి.11 మేటి విమానములలో నొకటి. కాని విమాన విద్యలో కాలము వేగముగ నడచును. 1939 నాటికి పరిస్థితి మాఱిపోయెను. పి.11సి గంటకు సుమారు 375 కిలోమీటర్ల వేగముతో పోగా, జర్మనుల మెస్సర్‌ష్మిట్ 109 విమానము సుమారు 560 కిలోమీటర్ల వేగముతో పోగలదు. శత్రువుల బాంబరులలో కొన్ని సయితము దీనిని మించి పరుగెత్తగలవు. పి.11లలో పెక్కింటికి రెండే మరతుపాకులు. కొన్నింటికి మాత్రము నాలుగు. చోదకుడు కూర్చుండు చోటు పైకప్పు లేనిది. చక్రములు లోనికి ముడుచుకొనునవి కావు.

1939 సెప్టెంబరు 1వ తేదీ తెల్లవాఱుజామున జర్మనీ పోలెండుపై దండెత్తెను. పోలిష్ వైమానిక దళము మొదటి దినముననే నేలమీద నాశనమైనదను మాట నాటినుండి పెక్కు పుస్తకములలో కెక్కినది. అది నిజము కాదు. యుద్ధము ముంచుకొని వచ్చుచున్నదని గ్రహించి, ఆగస్టు ముగియకమున్నే పోరాట దళములను ప్రధాన విమానాశ్రయములనుండి తరలించి, పొలముల నడుమనున్న రహస్య స్థలములకు చేర్చిరి. జర్మను బాంబులు పడిన విమానాశ్రయములలో ఎక్కువగా నుండినవి శిక్షణ విమానములు, పాతబడిన విమానములు. రాజధానిని కాపాడ నియమింపబడిన దళము పి.11, పి.7 విమానములతో వార్సా ఆకాశమున తొలి దినములలో ఎదురొడ్డి నిలిచెను. వేగమున చాలని విమానములతో వారు శత్రువిమానములను కూల్చిరి, తామును కూలిరి. సెప్టెంబరు 17న సోవియట్ సైన్యములు తూర్పునుండి ప్రవేశించిన పిమ్మట, మిగిలిన విమానములతో పలువురు రుమేనియాకు ఎగిరిపోయిరి.

ఆ మొదటి ప్రాతఃకాలమున క్రాకో సమీపమున జరిగిన ఘటన యొకటి చెప్పదగినది. బాలిత్సె వైమానిక స్థలమునుండి కెప్టెన్ మియెచిస్వాఫ్ మెడ్వెట్‌స్కియు, ఆయన వెంట వ్వాడిస్వాఫ్ గ్నిష్ అను చోదకుడును పి.11 విమానములలో పైకి లేచిరి. ఇంకను ఎత్తునకు చేరకమున్నే ఫ్రాంక్ నాయ్‌బెర్ట్ అను జర్మను చోదకుడు నడుపు స్టూకా విమానము మెడ్వెట్‌స్కిని కూల్చెను. ఆ యుద్ధమున ఆకాశపోరాటమునందు మరణించిన తొలి చోదకునిగా చరిత్ర ఆయనను పేర్కొనుచున్నది. గ్నిష్ తప్పించుకొని పైకెగసి, కొంతసేపటికి ఎదురైన రెండు డార్నియరు బాంబరులపై దాడి చేసెను. ఆ రెండును జురాడ గ్రామసమీపమున కూలిపోయెను. యుద్ధానంతరము గ్నిష్ కెనడాలో స్థిరపడెను. 1989లో, సరిగా ఏబది యేండ్లకు, ఆయనయు నాయ్‌బెర్టును కలిసికొని చేతులు కలిపిరి. గ్నిష్ 2000లో మరణించెను.

యుద్ధము ముగియునప్పటికి వార్సా నగరము శిథిలముల కుప్ప. కర్మాగారములు లేవు, విమానములు లేవు, కాగితపత్రములు సయితము పెక్కు కాలిపోయినవి. ఒక జాతి తాను పోరాడిన విధమును తన పిల్లలకు చూపదలచినచో చూపుటకు వస్తువు లేదు. ఈ స్థితిలో 1957లో పోలెండున ‘మావి మొడెలాష్’ అను పత్రిక వెలువడెను. ఆ పేరునకు ‘బాల నమూనాకారుడు’ అని యర్థము. సైనికమిత్రుల సంఘము దానిని ప్రచురించెను. సంచిక కొన్నచో చేతికి వచ్చునది కథలు కాదు. విమానముయొక్కయో, ఓడయొక్కయో, ట్యాంకుయొక్కయో భాగములు అచ్చువేసిన కాగితములు. ఇంగ్లండు, అమెరికాలలోని బాలురకు ప్లాస్టిక్కు నమూనాల పెట్టెలు సులభముగ దొరకుచున్న కాలమది. పోలిష్ బాలునకు అవి అరుదు, దొరకినను ప్రియము. పత్రిక మాత్రము ఎల్లరకు అందుబాటులో నుండెను. పేదరికము తెచ్చిన పరిమితి యీ విధముగా ఒక కళకు పుట్టినిల్లయ్యెను.

1989 తరువాత పోలెండులో రాజకీయ వ్యవస్థ మాఱెను. దుకాణములలో ప్లాస్టిక్కు నమూనాలును నిండెను. కాగితపు శిల్పము అంతరించునని తలచుటకు అవకాశము కలదు. జరిగినది వేఱు. స్వతంత్ర ప్రచురణకర్తలు బయలుదేఱి, మునుపెన్నడు లేనంత సూక్ష్మముగా నమూనాలను గీయించి అచ్చువేయసాగిరి. వెనుకటి నమూనాకు కొన్ని పదుల భాగములు చాలెడివి. ఇప్పటి పెద్ద నమూనాలలో అవి వందలును, ఒక్కొక్కచోట వేలును దాటుచున్నవి. కంప్యూటరుతో గీచిన భాగములను ఇంటిలోనే అచ్చువేసికొను సదుపాయము కూడ నేడు కలదు.

పోలిష్ కాగితపు విమానములకు వాడుకలో నున్న ప్రమాణము 33వ వంతు. పి.11సి రెక్కల విస్తారము 10.72 మీటర్లు, నమూనాలో అది సుమారు 32.5 సెంటిమీటర్లగును. పొడవు 7.55 మీటర్లు, నమూనాలో 22.9 సెంటిమీటర్లు. బడిపిల్లవాని నోటుపుస్తకము తెఱచి పఱచినంత స్థలమున విమానము నిలుచును. కత్తి అర మిల్లీమీటరు ప్రక్కకు జరిగినచో, అసలు విమానములో అది ఒకటిన్నర సెంటిమీటరు పైబడిన తప్పగును. కావున చేతికి నిలుకడ యవసరము.

పనిముట్లు అనేకములు వలదు. సన్నని మొనగల కత్తి, చిన్న కత్తెర, లోహపు స్కేలు, అల్లికసూది, పట్టకారు, కుంచె, మంచి జిగురు. మన యిండ్లలో పండుగ తోరణములు అంటించు మైదా జిగురు దీనికి పనికిరాదు. దానిలోని నీరు కాగితమున ఇంకి, కాగితము ఉబ్బి వంకరలు పోవును. త్వరగ ఆరెడి చిక్కని తెల్లజిగురు మేలు. దానినైనను పుల్లమొనతో తీసి, పలుచగ పూయవలెను.

అచ్చు కాగితమున ప్రతి భాగమునకు ఒక సంఖ్య యుండును. నిండు గీత కత్తిరించుటకు. విఱుగు గీత మడచుటకు. మడచవలసిన గీతను ముందుగా మొద్దుమొనతో నొక్కినగాని మడత సరిగా రాదు. మొదట చేయవలసినది లోపలి ఎముకల గూడు. విమానపు మేనికి అడ్డుకోతలను పోలిన పలకలను ఒక మిల్లీమీటరు దళసరి అట్టపై అంటించి, కత్తిరించి, వరుసగా నిలువవలెను. ఓడలు కట్టువారు మొదట పక్కటెముకలను నిలిపి, పిదప పలకలు బిగించు విధమే ఇదియును. ఈ గూడు వంకరయైనచో, పైన ఎంత అందముగ అంటించినను విమానము వంకరగనే యుండును.

గూడుమీద తొడుగవలసినది చర్మము. ఇక్కడ జ్యామితి ఎదురగును. కాగితమును గొట్టముగా చుట్టవచ్చును, శంఖువుగా చుట్టవచ్చును, బంతిగా మాత్రము చుట్టరాదు. ఒకేసారి రెండు దిక్కుల వంగు తలమును, చింపక, ముడుతలు పడనీయక చదును చేయుట అసాధ్యమని గాస్ అను జర్మను గణితవేత్త 1827లో ప్రకటించిన సిద్ధాంతమువలన తేలుచున్నది. బత్తాయి తొక్కను బల్లమీద పఱచి చూచిన వారెవరికైనను ఇది తెలియును, తొక్క చిట్లిపోవును. కావున కాగితపు శిల్పి గుండ్రని ముక్కును పువ్వురేకులవలె చీలికలుగా కోసి, ఒక్కొక్క రేకును వంచి అంచులు కలుపును. మేనిని ఉంగరములుగా విభజించి, ఒకదానివెంట ఒకటి తొడుగును. ఉంగరమునకు ఉంగరము కలియుచోట లోపల సన్నని పట్టీ అంటించును. తెల్లని కోతల అంచులు కనబడకుండ కుంచెతో అదే రంగు పూయును. ఈ చివరి పనిని ఉపేక్షించినచో విమానము దూరమునుండియే కాగితమని చెప్పివేయును.

ఒక మాట విశేషముగ చెప్పదగినది. పి.11 వంటి ఆనాటి విమానముల మేనును రేకుతోనే చేసిరి. రేకును కూడ కాగితమువలెనే వంచవచ్చును. రెండు దిక్కుల వంచుటకు మాత్రము బరువైన అచ్చులును, సమ్మెటపోటులును కావలెను. కావున వార్సా కర్మాగారపు పనివాడు ఎదుర్కొన్న చిక్కులో కొంత పాలు నేటి కాగితపు శిల్పియు ఎదుర్కొనుచున్నాడు. ప్లాస్టిక్కు నమూనా కరగి అచ్చులో పోసినది. అది రూపమును మాత్రమే చూపును. కాగితపు నమూనా నిర్మాణక్రమమును కూడ బోధించును. ఎముకలగూడు, రేకు, అతుకు అను వరుస రెంటికి సమానము.

రెక్క దగ్గఱకు వచ్చునప్పటికి పువావ్‌స్కి మనకు ప్రత్యక్షమగును. రెక్క మొదలు క్రిందికి వంగి మేనిని చేరుచోట, రెండు వైపులను ఒకే కోణము రావలెను. ఒక ప్రక్క కొంచెము హెచ్చైనను విమానము కుంటినట్లుండును. రెక్కను నిలిపి, చోదకుని స్థానమునకు కన్ను చేర్చి చూచినచో, ముందునకు దారి ఎట్లు తెరపియైనదో వెంటనే తెలియును. పది పుటల వ్రాతతో తెలియని విషయము ఒక్క చూపుతో తెలియుచున్నది. ఆ రెక్కమీది లోహపు రేకు సన్నని గాడులు గలది. మేలైన నమూనాలలో ఆ గాడులను అచ్చు గీతలుగా చూపుదురు. మిక్కిలి ఓపికగలవారు అల్లికసూదితో ఒక్కొక్క గాడిని నొక్కి తీర్తురు.

ముక్కున నున్నది తొమ్మిది సిలిండర్ల ఇంజను. బ్రిటిషువారి బ్రిస్టల్ మెర్క్యురీ ఇంజనును పోలెండులో అనుమతిపై నిర్మించిరి. సిలిండరు చుట్టు చల్లార్పు రేకులు దొంతరలుగా నుండును. నమూనాలో అవి సన్నని కాగితపు బిళ్ళలు. తొమ్మిది సిలిండర్లును తొమ్మిదిసార్లు అదే పని. సాయంకాలములు కొన్ని దానికే వ్యయమగును. ఇంజను చుట్టు వలయాకారపు కప్పు వచ్చును. చివరకు రెక్కలమీద ఎఱుపు, తెలుపు గడుల చతురస్రము. 1918 డిసెంబరులో పోలిష్ వైమానిక దళము స్వీకరించిన చిహ్నమిది. ఆ గడులు అంటిన క్షణమున కాగితము విమానమగును.

కాని ఇంత శ్రమపడుటలో పరమార్థమేమి యని ఒకరు ప్రశ్నింపవచ్చును. యుద్ధవిమానము చంపుటకు చేసిన యంత్రము. దానిని ముద్దుగ చేసి అలమారులో నిలుపుట హింసను అందముగ చూపుట కాదా? ఈ ప్రశ్నను త్రోసివేయరాదు. నమూనాలో రక్తము లేదు, పొగ లేదు, కాలిన వాసన లేదు. కేవలము వేగమును, తుపాకులను లెక్కించి మురియుటకే నమూనా చేసినచో, ఆ ఆక్షేపణ నిలుచును.

అయితే వేఱొక వైపు కలదు. శ్రద్ధగ పనిచేయువాడు తాను చేయుచున్నది ఏ విమానమో తెలిసికొనక తప్పదు. ‘ఒక పి.11’ అను వస్తువు లేదు. ఫలానా దళమునకు చెందిన, ఫలానా సంఖ్యగల, ఫలానా మనుష్యుడు నడిపిన విమానము మాత్రమే కలదు. సంఖ్యను వెదకువాడు దళమును చేరును. దళమును వెదకువాడు చోదకుని పేరును చేరును. పేరును వెదకువాడు ఒక గ్రామమును, ఒక సమాధిని చేరును. విమానములన్నియు నేలమీదనే కాలిపోయినవను కల్ల ఎన్ని పుస్తకములలో నున్నను, రహస్య స్థలములనుండి లేచిన విమానముల సంఖ్యలను ఒక్కొక్కటిగ నమూనాలమీద వ్రాయువానియొద్ద అది చెల్లదు. ఓడిపోయినవారు పోరాడకయే ఓడిరని చెప్పుట సులభము. దానికి ప్రత్యుత్తరము ఇట్టి చిన్న నిజముల మొత్తమే.

మొదట చెప్పిన క్రాకో విమానము కథయును ఇట్టిదే. దాని సంఖ్య 8.63. అది 121వ దళమునకు చెందినది. దానిని జర్మనులు గెలుపు గుర్తుగ కొనిపోయి, బెర్లినునందలి తమ వైమానిక ప్రదర్శనశాలలో నిలిపిరి. 1943లో ఆ శాలపై బాంబులు పడుటచే, మిగిలిన విమానములు కొన్నింటిని తూర్పున చార్న్‌కువ్ అను స్థలమునకు తరలించిరి. యుద్ధము ముగిసి చూచునప్పటికి ఆ స్థలము పోలెండులో నుండెను. కొనిపోయినవాడే దానిని తెచ్చి యింటివద్ద దింపిపోయినట్లయ్యెను. 1960లనుండి అది క్రాకోలో నున్నది. నమూనాలు గీయువారు సందేహము కలిగినపుడెల్ల ఆ యొక్క విమానమును కొలిచి చూతురు. అసలునుండి కాగితము పుట్టినది. ఆ కాగితమును చేసిన బాలుడు పెద్దవాడై తన పిల్లలతో అసలును చూడ వచ్చుచున్నాడు.

ఈ కథకు మన గడ్డతో సంబంధము లేకపోలేదు. తప్పించుకొని బ్రిటను చేరిన పోలిష్ చోదకులలో 145 మంది 1940లో బ్రిటను ఆకాశయుద్ధమున పాల్గొనిరి. అదే ఆకాశమున స్పిట్‌ఫైరులతో పోరాడిన 152వ దళమునకు ‘హైదరాబాదు’ అనియు, హరికేనులతో పోరాడిన 253వ దళమునకు ‘హైదరాబాదు స్టేటు’ అనియు బిరుదులు. నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాను ఇచ్చిన ధనమే ఆ పేర్లకు కారణము. 152వ దళపు చిహ్నమున నిజాము శిరోభూషణము కలదు. ఆ దళము 1943 చివర తూర్పునకు వచ్చి, బర్మా రంగమున పనిచేసెను. 1942 ఏప్రిలు 6న విశాఖపట్టణము, కాకినాడలపై జపాను విమానములు బాంబులు వేసిన సంగతి మన తీరవాసుల యిండ్లలో తరతరములుగ చెప్పుకొనుచున్నదే. యుద్ధవిమానము మనకు కేవలము దూరదేశపు వార్త కాదు. హైదరాబాదు పేరుగల స్పిట్‌ఫైరును కాగితముతో చేయదలచిన బాలునకు చరిత్ర పాఠము ఇంటి గుమ్మముననే మొదలగును.

మన యిండ్లలో పిల్లల చేతులకు పని కల్పింప దలచిన తల్లిదండ్రులకు ఒక సూచన. మొదటనే వేయి భాగముల నమూనా నెత్తికెత్తుకొనరాదు. ఒక పెట్టె, ఒక గొట్టము, ఒక శంఖువు చేయించుడు. పిదప పది పదునైదు భాగముల చిన్న విమానము. కత్తి పట్టు పని పెద్దల యెదుటనే జరుగవలెను. ఒక భాగము చెడినచో కోపింపక, దాని నకలును గీచి మరల కోయనిండు. పని ముగిసిన నాడు ఆ విమానమును ఎవరు నడిపిరి, ఏమైరి అని అడుగుడు. జవాబు దొరకువఱకు నమూనా సగమే పూర్తియైనదని చెప్పుడు.

నమూనాలలో పెక్కింట చోదకుని బొమ్మ యుండదు. అట్టతో చేసిన చిన్న పీఠము, దానిపై కాగితపు పట్టీలు మాత్రము ఉండును. ఆ పీఠము ఖాళీ. మెడ్వెట్‌స్కి కూర్చున్నది అట్టి పీఠముననే. గ్నిష్ కూర్చున్నదియు అట్టి పీఠముననే. ఒకరు పది నిమిషములైన నిండక నేలకు ఒరిగిరి. మఱియొకరు ఏబది యేండ్లు గడచిన పిదప శత్రువుతో చేయి కలిపిరి. కాగితము ఈ ఉభయులను తిరిగి తేలేదు. వారు ఎక్కడ కూర్చుండిరో, ఎంత ఇఱుకున కూర్చుండిరో, తమయెదుట ఎంత ఆకాశమును చూచిరో మాత్రము చూపగలదు.